గుంటూరు ఆకాశం, బేగంపేట దోమ, లంకమల పిట్ట

1897 ఆగస్టు 20. సికింద్రాబాదు పక్కన బేగంపేటలో ఒక చిన్న సైనిక ఆసుపత్రి. మధ్యాహ్నం ఒంటి గంట కావస్తోంది. ఒకటే ఉక్క. పంకా లాగించుకుందామంటే బల్ల మీది దోమలు గాలికి కొట్టుకుపోతాయి. నుదుటి చెమట కారి కారి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. మిగిలిన ఒక్క కటకానికీ బీట పడింది. కనురెప్పల మీద సన్న ఈగలు ముసురుతుంటే నలభై ఏళ్ల సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ ఒక దోమను సూదిమొనతో విప్పి పోగు పోగునా గాలిస్తున్నాడు. ఈ విడత లెక్కలో అది 38వ దోమ. ఒళ్లంతా వెతికాడు, ఏమీ లేదు. కడుపు ఒక్కటి మిగిలింది. అది చూడాలంటే ఇంకో అరగంట. అప్పటికే వందల దోమల కడుపులు చూసి ఉన్నాడు, ఎందులోనూ ఏమీ దొరకలేదు. ఇదొక్కటీ వదిలేస్తే ఏం పోయింది అనిపించింది. అయినా వదల్లేదు.

ఆ అరగంటలో అతనికి ఏం కనబడిందో తెలియాలంటే ముందు గుంటూరు వెళ్లాలి, అదీ ఇరవై తొమ్మిదేళ్లు వెనక్కి.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. చంద్రుడి నీడ అరేబియా కొసన ఉన్న ఏడెన్ నుంచి మన దేశం మీదుగా సయాం దాకా సాగింది. గుంటూరులో సూర్యుడు అయిదు నిమిషాలకు పైగా పూర్తిగా మరుగున పడ్డాడు. గ్రహణాల్లో అది చాలా పెద్ద వ్యవధి. అందుకే ఖగోళ శాస్త్రజ్ఞులు ఓడలెక్కి కోస్తాకు వచ్చారు. బ్రిటన్ తరఫున మేజర్ టెనెంట్ గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియేర్ జాన్సెన్‌కు గుంటూరులోనే ఒక ఫ్రెంచి వర్తకుడు ఇల్లు ఇచ్చాడు. చిన్నప్పుడు జరిగిన ప్రమాదంతో జాన్సెన్‌ది కుంటి నడక. ఆ కాలితోనే గ్రహణాల కోసం భూగోళమంతా తిరిగిన మనిషి అతను.

సూర్యబింబం పూర్తిగా మూసుకుపోయినప్పుడు దాని అంచున ఎర్రటి మంట నాలుకలు లేచి కనబడతాయి. అవి ఏమిటి, నిజంగా సూర్యుడివేనా అన్నది ఆనాటి ప్రశ్న. జాన్సెన్ చేతిలో ఉన్నది స్పెక్ట్రోస్కోపు. వెలుగును రంగులుగా విడగొట్టి చూపే పరికరం అది. తెల్లని ఎండను అందులోంచి చూస్తే రంగులన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పట్టీలా పరుచుకుంటాయి. మండే వాయువు అలా కాదు, కొన్ని విడివిడి గీతల్లోనే వెలుగుతుంది. ఏ వాయువుకు ఆ వాయువు గీతలే. ఆ ఉదయం మంట నాలుకల వైపు పరికరం తిప్పితే ప్రకాశవంతమైన గీతలు కనబడ్డాయి. అవి వాయువే, అందులో ప్రధానంగా హైడ్రోజన్ అని తేలిపోయింది.

అందరూ దగ్గర దగ్గరగా ఇదే చూశారు. జాన్సెన్‌కు మాత్రం ఆ గీతల కాంతి చూడగానే ఇంకో ఆలోచన వచ్చింది. ఇంత వెలుగున్న గీతలు గ్రహణం లేకపోయినా కనబడాలి కదా! మామూలు రోజుల్లో ఆ మంటలను దాచేది ఆకాశపు వెలుగు. కుండెడు నీళ్లు పెరడంతా చిలకరిస్తే నేల తడిసిన జాడ కూడా ఉండదు. చెంబెడు నీళ్లే అయినా నాలుగు గుంటల్లో పోస్తే నిలుస్తాయి. ఆకాశపు వెలుగును స్పెక్ట్రోస్కోపు అన్ని రంగుల్లోకీ చల్లేసి పలచబరుస్తుంది. మంట వెలుగు నాలుగు గీతల్లో ఉన్నది ఉన్నట్టే నిలబడుతుంది.

గ్రహణమంటే మన ఇళ్లలో పట్టు, విడుపు, స్నానం, జాడీల మీద దర్భలు. విడుపు స్నానంతో ఊరికి గ్రహణం అయిపోయింది. జాన్సెన్‌కు అక్కడి నుంచే మొదలైంది. ఆ రోజు మబ్బులు అడ్డొచ్చాయి. మర్నాడు పొద్దున్నే, 19న, పట్టపగలు ఎండలో అతను ఆ మంటలను మళ్లీ చూశాడు. పదిహేడు రోజుల పాటు అదే పని, రోజూ కొత్త గ్రహణం చూస్తున్నట్టే. ఆ సంగతులు వివరించే ఉత్తరాన్ని సెప్టెంబరులో కాకినాడ నుంచి పారిస్ సైన్స్ అకాడమీకి రాశాడు. ఈలోగా ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ గ్రహణం ఊసే లేకుండా ఇదే పద్ధతిని సొంతంగా కనిపెట్టి అక్టోబరు 20న అవే మంటలు చూశాడు. ఇద్దరి కబురూ అకాడమీ ముందుకు ఒకే రోజు వచ్చింది. తర్వాత ఫ్రాన్స్ ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ పక్కపక్కన ముద్రించి పతకం వేసింది.

హీలియంను గుంటూరులోనే కనిపెట్టారని ఇక్కడ తరచూ చెప్పుకుంటారు. సంగతి కాస్త వేరు. ఆ గ్రహణంలో పలువురికి ఒక పసుపు గీత కనబడింది, సోడియం గీత కాబోలనుకున్నారు. అది సోడియం చోట లేదని మచిలీపట్నంలో పోగ్సన్‌కు అనుమానం వచ్చింది. భూమ్మీది ఏ పదార్థానికీ ఆ గీత సరిపోదని పట్టుబట్టి తేల్చినవాడు లాక్యర్. గ్రీకులో సూర్యుడి పేరైన హీలియోస్ మీద ఆ పదార్థానికి హీలియం అని పేరొచ్చింది. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజంలోంచి అదే వాయువును బయటికి తీశాకే వాదన ఆగింది. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఎమ్మారై యంత్రపు అయస్కాంతాన్ని సున్నాకు 269 డిగ్రీల దిగువన చల్లగా ఉంచేది ద్రవ హీలియమే. గుంటూరుకు దక్కాల్సిన ఘనత హీలియం కంటే చిన్నదేమీ కాదు. కనబడని దాన్ని కనబడే వేళ కోసం కాచుక్కూర్చోకుండా, చూసే తీరు మార్చి చూడటం మొదలైంది అక్కడ.

అదే గ్రహణాన్ని చూడటానికి సయాం రాజు మాంగ్‌కుట్ కూడా బయలుదేరాడు. ఖగోళ గణితం ఎరిగిన రాజు. వేళ తనే లెక్కగట్టి, పరివారంతో సముద్రపు ఒడ్డున ఉన్న వా కో అనే ఊరికి వెళ్లాడు. లెక్క తప్పలేదు. కానీ ఆ చిత్తడి నేలలో మలేరియా సోకి అక్టోబరు 1న కన్నుమూశాడు. గ్రహణం ఏ క్షణాన పడుతుందో ముందే చెప్పగలిగిన కాలం అది. జ్వరం ఎలా వస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. చిత్తడిలోంచి లేచే చెడుగాలి అనుకునేవారు. ఇటాలియన్ భాషలో మలేరియా అన్న మాటకు అర్థమే అది.

ఇక బేగంపేటకు.

మలేరియా క్రిమిని 1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి నెత్తుటిలో చూశాడు. ఒంటిలోంచి ఒంటిలోకి అది ఎలా వెళుతుంది? దోమ మీద అనుమానం ఉందని 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ రాస్‌కు చెప్పాడు. మరుసటి ఏడు రాస్ సికింద్రాబాదు వచ్చి రోగులను కుట్టిన దోమలను కోయడం మొదలుపెట్టాడు. రెండేళ్లు కోసినా ఫలితం లేదు. అతని చేతికి దొరికినవి బూడిదరంగువి, చారలవి. ఇప్పటి పేర్లలో క్యూలెక్స్, ఏడిస్. ఆ దోమల్లో మనిషి మలేరియా క్రిమి బతకదు. కొయ్యాల్సిన దోమ వేరే ఉంది, అదీ ఆ గోడల మీదే వాలుతోంది.

ఆ దోమను మొదట పట్టించిన కన్ను రాస్‌ది కాదు. ఆసుపత్రిలో పనిచేసే సహాయకుడు ఒకరోజు గోడ మీద తోక పైకెత్తి వాలిన చిన్న దోమను చూపించాడు. ఆ సహాయకుడి పేరు మరిచిపోయానని, అందుకు విచారిస్తున్నానని రాస్ తర్వాత రాసుకున్నాడు. నూట పాతికేళ్లు దాటినా ఆ పేరు మనకు తెలియదు. బేగంపేట కథలో ఎక్కువ బాధపెట్టే సంగతి ఇదే.

ఆగస్టు నడిమికి రాస్ మనుషులు సీసాలో తెచ్చిన లార్వాల నుంచి మచ్చల రెక్కల దోమలు కొన్ని పుట్టాయి. మలేరియాతో ఆసుపత్రిలో ఉన్న హుసేన్ ఖాన్‌ను దోమతెరలో పడుకోబెట్టి 16న వాటిని వదిలారు. కుట్టించుకున్న ప్రతి దోమకూ ఒక అణా. పది దోమలు కుట్టాయి, పది అణాలు ముట్టాయి. ఆ పదింటిలో కొన్ని చచ్చాయి, కొన్నింటిని ముందే కోసి చూశారు. 20వ తేదీకి మిగిలినవి రెండే. వాటిలో ఒకటి 38వది.

కడుపు గోడలో రాస్‌కు ఒక గుండ్రటి గీత కనబడింది. మామూలు కణాల కంటే స్పష్టంగా ఉంది. పక్కన ఇంకొకటి. సరిచేసి చూస్తే ఒక్కోదానిలో నల్లటి రేణువులు ఉన్నాయి. ఆ రేణువుల్లోనే ఉంది అసలు సంగతి. మలేరియా క్రిమి ఎర్ర రక్తకణంలో దూరి హిమోగ్లోబిన్‌ను తిని, అరగని భాగాన్ని నల్లపొడిగా మిగులుస్తుంది. దోమ కడుపులో మామూలుగా అలాంటి పొడి ఉండదు. మర్నాడు 39వ దోమను కోశాడు. వాటిలో ఆఖరిది. అందులోనూ అవే కణాలు, ముందు రోజు చూసినవాటి కంటే పెద్దగా ఉన్నాయి. అంటే అవి పెరుగుతున్నాయి. మనిషి నెత్తుటి క్రిమి దోమలో బతికి పెరుగుతోంది!

డిసెంబరులో ఆ రెండు దోమల కథ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. అప్పటికే రాస్‌ను మలేరియా పెద్దగా లేని రాజపుతానాకు బదిలీ చేశారు. మరుసటి ఏడు కలకత్తాలో పిచ్చుకల మలేరియా మీద పని చేసి, క్రిమి దోమ కడుపు నుంచి లాలాజల గ్రంథిలోకి చేరుతుందని, కాటుతో ఇంకో ఒంట్లోకి వెళుతుందని చూపించాడు. మనుషుల విషయంలో అదే సంగతిని ఇటలీ శాస్త్రజ్ఞులు నిరూపించారు. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. బేగంపేటలోని ఆ భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద రాస్ పేరుతోనే ఉంది.

ఆ కణాల విలువ మన్యం తెలిసినవాళ్లకు బాగా అర్థమవుతుంది. మన్యం జ్వరమంటే మైదానపు ఉద్యోగులు ఏజెన్సీ బదిలీకి వణికేవాళ్లు. దోమ అని తెలిశాక తర్వాతి ప్రశ్న, ఏ దోమ, ఏ నీళ్లలో? అక్కడి నుంచి పని వైద్యుడి చేతిలోంచి జీవావరణం చదివేవాళ్ల చేతికి వచ్చింది. కొండవాగుల్లో మెల్లగా పారే తేట నీళ్లలో పెరిగే అనాఫిలిస్ వేరు. పల్లెల్లో కాలువల గట్లు, పొలాల గుంటలు చూసుకునేది వేరు. పట్నంలో బావుల్లో, మేడ మీది ట్యాంకుల్లో గుడ్లు పెట్టేది వేరు. క్యూలెక్స్ లార్వా నీళ్లలో తలకిందులుగా వేలాడుతుంది. అనాఫిలిస్ లార్వా నీటి పైన చాప పరిచినట్టు పడుకుంటుంది. గ్రామాల్లో తొట్లు తొంగిచూసే మలేరియా కార్యకర్త మొదట వెతికేది ఈ తేడానే.

రాస్ కంటే యాభై ఏళ్ల ముందు మద్రాసు సైనిక వైద్యశాఖలోనే ఇంకో వైద్యుడు ఉండేవాడు, థామస్ జెర్డాన్. కొన్నాళ్లు నెల్లూరులో పనిచేశాడు. రోగుల తర్వాత అతనికి లోకమంతా పక్షులే. 1848 ప్రాంతంలో నెల్లూరు, కడప జిల్లాల మధ్య పొదల అడవుల్లో అతను సేకరించిన ఒక పిట్ట శాస్త్రానికి కొత్తది. జానెడు మించి పొడవుంటుంది. పెద్ద పెద్ద కళ్లు, సన్నని పొడుగు కాళ్లు, రొమ్ము మీద రెండు పట్టీలు. ఎగరడం కంటే నేల మీద పరుగెత్తడమే ఎక్కువ. ఇంగ్లిషులో జెర్డాన్ పేరే పెట్టారు. కలివి పొదల సందుల్లో తిరుగుతుంది కాబట్టి మనకు కలివికోడి.

1900లో అనంతపురం దగ్గర ఒకరికి కనబడింది. ఆ తర్వాత లేదు. తరాలు గడిచాయి. పక్షిశాస్త్రజ్ఞులు పలుసార్లు వచ్చి వెతికి వట్టి చేతులతో వెళ్లారు. అంతరించిందనే చాలామంది అనుకున్నారు.

1985లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మరోసారి గాలింపు మొదలుపెట్టింది. ఈసారి భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు పిట్ట బొమ్మ చేతపట్టుకుని కడప జిల్లా ఊళ్లలో తిరుగుతూ వేటగాళ్లను, పశువుల కాపరులను అడిగారు. సిద్దవటం దగ్గర రెడ్డిపల్లి ఐతన్న ఆ బొమ్మను గుర్తుపట్టారు. ఆ పిట్ట తిరిగేది రాత్రిపూట అని ఆయనకు తెలుసు. 1986 జనవరిలో ఒక రాత్రి టార్చి వెలుగులో నిలబడిపోయిన పిట్టను ఆయన చేత్తో పట్టుకుని ఇంటికి తెచ్చారు. 86 ఏళ్ల తర్వాత కలివికోడి. కబురందగానే 89 ఏళ్ల సలీం అలీ బొంబాయి నుంచి బయలుదేరి కడప చేరారు. పట్టుబడిన పిట్ట ఎన్నో రోజులు బతకలేదు. కానీ ఆ పొదల్లో అలాంటివి ఇంకా ఉన్నాయని తర్వాతి రాత్రుల్లో తేలింది.

ఇన్నేళ్లూ పిట్ట అక్కడే ఉంది. పొద్దున లేచి వెతికేవాళ్లకు దొరకలేదు, అంతే. రాత్రి అడవిలో తిరిగేవాళ్లను అడగడం ఎప్పటికో గానీ ఎవరికీ తోచలేదు. బేగంపేట గోడ మీద దోమను చూపించిన మనిషికి, రెడ్డిపల్లి ఐతన్నకు నడుమ తేడా ఏమిటంటే, ఐతన్న పేరు కాగితం మీదికి ఎక్కింది. ఆ మేరకు శాస్త్రం మెరుగుపడినట్టే లెక్క.

1988లో ఆ పిట్ట తిరిగే అడవుల్లో లంకమల అభయారణ్యం ఏర్పడింది. అభయారణ్యం అన్నంత మాత్రాన పిట్టకు పొదలు దక్కినట్టు కాదు. 2005లో తెలుగు గంగ కాలువ తవ్వకం పిట్ట తిరిగే చోట్లలోకి వచ్చేసింది. పొదలు పెకిలించి యంత్రాలు మట్టి ఎత్తిపోశాయి. పరిశోధకులు గట్టిగా అడ్డుపడ్డాక కాలువ దారి మళ్లింది.

ఆ పరిశోధకులు పిట్టను ఎలా కనిపెట్టేవారో చూస్తే ముచ్చటేస్తుంది. పొదల మధ్య నేలను చిన్న పట్టీలుగా శుభ్రం చేసి మెత్తటి మట్టి జల్లించి పరిచేవారు. సాయంత్రం చదును చేయడం, పొద్దున్నే వంగి అడుగుల జాడ చూడటం. కలివికోడికి వెనక వేలు ఉండదు. మూడు వేళ్ల ముద్ర పడితే దాన్ని కొలిచి, తీతువు ముద్రలతో సరిపోల్చేవారు. జాడలు ఎక్కువగా పడిన చోట తానుగా ఫొటో తీసే కెమెరాలు పెట్టేవారు. ఇలా ఏళ్ల తరబడి పోగుచేసిన లెక్కల్లో ఒక సంగతి బయటపడింది. ఈ పిట్టకు దట్టమైన అడవీ పడదు, బోడినేలా పడదు. హెక్టారుకు రెండు మీటర్లు మించిన పొదలు 300 నుంచి 700 దాకా, నడుమ పరుగెత్తడానికి ఖాళీ నేల, అదీ దానికి కావలసింది. పొదలను అలా ఎడంగా ఉంచేవి మేకలూ పశువులూ, కొద్దిగా పుల్లలు ఏరుకునే మనుషులూ. మేత మరీ ఎక్కువైతే పొదలు పోతాయి. మేత పూర్తిగా ఆగితే సందులు మూసుకుపోతాయి. అడవికి కంచె వేసి ఊరుకుంటే చాలనుకునేవాళ్లు ఈ లెక్కను ఒకసారి చదవాలి.

ప్రయోగశాల కూడా ఒక వంతు సాయం పట్టింది. స్కాట్లండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయపు పాత సేకరణలో, 1917లో కోలారు ప్రాంతంలో ఏరిన ఒక గుడ్డు ఉంది. 2013లో దాని డీఎన్ఏను లండన్ మ్యూజియం వారి పాత పిట్ట నమూనాతో పోల్చి, అది కలివికోడి గుడ్డేనని తేల్చారు. కలివికోడి గుడ్డు శాస్త్రానికి దొరకడం అదే మొదలు.

2008 తర్వాత ఏళ్ల తరబడి ఆ పిట్ట కంటబడలేదు. అలాంటి పిట్టను వెతకడానికి మిగిలిన దారి చెవి. దాని కూతను ఈ శతాబ్దం మొదట్లో గానీ రికార్డు చేయలేకపోయారు. పొద్దు గూకి ముప్పావుగంట దాటాక మొదలవుతుంది. కొన్ని నిమిషాలు, మహా అయితే ఇరవై. తర్వాత రాత్రంతా నిశ్శబ్దం. ఆ కాసేపట్లో రెండేసి అక్షరాలుగా, సెకనుకొకటి చొప్పున కూస్తుంది. శాస్త్రజ్ఞులు దాన్ని ట్విక్-టూ, ట్విక్-టూ అని రాసుకున్నారు.

19వ శతాబ్దపు ఇంగ్లిష్ పక్షి గ్రంథాల్లో ఈ పిట్టకు ఒక తెలుగు పేరు నమోదై ఉంది. ఇంగ్లిషు అక్షరాల్లో తడబడిన ఆ మాటను తెలుగు చెవితో చదివితే ‘అడవి ఉత్తతిత్తి’ అవుతుంది. ఉత్త తిత్తి అంటే ఖాళీ సంచి. పిట్టకు ఆ పేరేమిటని విడదీసి ఆలోచిస్తే అంతుబట్టదు. లంకమల కింద మసక చీకట్లో, వరసగా పైకి అనుకుని చూడాలి. ఉత్త-తిత్తి, ఉత్త-తిత్తి, ఉత్త-తిత్తి.